బీపీ పెంచే మందు

ఆ ఆస్పత్రి అత్యవసర వార్డులో ఎవరికైనా పేరు పెట్టే హక్కు పెద్దక్కది. ఇరవై ఎనిమిదేళ్లుగా అక్కడే నర్సుగా ఉంది. ఆవిడ ఒకసారి పేరు పెట్టిందంటే అది టీకా మచ్చే, ఇక పోదు. స్ట్రెచర్ తోసే మనిషి "గాలిపటం", మందుల గదిలో కూర్చునే ఆయన "రేపు రండి", మూడు నెలల కిందట చేరిన చిన్న డాక్టరమ్మ "నిదానం".

ఆ పేరు ఊరికే రాలేదు. పేషెంటు రాగానే మిగతావాళ్లు కాగితం అందుకుంటారు, ఈమె చెయ్యి అందుకుంటుంది. గోళ్లు చూస్తుంది. పాదాలు తాకి వెచ్చగా ఉన్నాయో చల్లగా ఉన్నాయో చూస్తుంది. పక్కన నిలబడ్డ మనిషి ముఖం కూడా చూస్తుంది. అన్నీ అయ్యాక అప్పుడు నోరు విప్పుతుంది, విప్పినా రెండు మాటలే. "ఈమెతో డ్యూటీ పడితే చెవులకు సెలవు" అనేది పెద్దక్క. ఎదురుగానే అనేది. నిదానం నవ్వి ఊరుకునేది.

ఆ రోజు పొద్దున పది గంటలకు, తుడిచిన నేల ఇంకా ఆరకముందే, ఒక లారీ సరాసరి గుమ్మం ముందుకొచ్చి ఆగింది. కేబిన్‌లోంచి లావుపాటి మనిషొకడు దూకి, వెనక్కి తిరిగి, యాభై అయిదేళ్ల ఆడమనిషిని రెండు చేతుల మీదా దించాడు. ఆమె అతని అక్క, బట్టలు కుట్టే మనిషి. వెనకాలే ఆమె కూతురు దిగింది. ఇరవై ఏళ్లుంటాయి. భుజానికి గుడ్డ సంచీ, మెడలో తియ్యడం మరిచిపోయిన కొలతల టేపు.

"దారిలో రెండుసార్లు కళ్లు తేలేసింది!" అని అరుస్తూ వచ్చాడు లారీ మనిషి. "పెద్ద డాక్టరు ఎక్కడండీ? పిలవండి ముందు!"

"ఆపరేషన్ గదిలో ఉన్నారు. నేను చూస్తాను" అంది నిదానం.

అతను ఆమెను కింది నుంచి పైదాకా చూశాడు. "నువ్వా తల్లీ?"

"నేనే బాబాయ్. అమ్మను ఆ మంచం మీద పడుకోబెట్టండి."

ఆ "నేనే" అన్న మాటలో గొప్పా లేదు, బెదురూ లేదు. అతను అక్కను మంచం మీద పడుకోబెట్టాడు.

టైలరమ్మ ఒళ్లు పెనంలా కాలిపోతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ చూపు నిలవడం లేదు. నిదానం అడుగుతుంటే కూతురు ఒక్కొక్కటే చెప్పింది. స్కూలు యూనిఫారాల పని వచ్చింది, రెండు వందల జతలు, బడి తెరిచేలోపు ఇవ్వాలి. అమ్మ తెల్లారి కూర్చుంటే పొద్దుగూకాకే మిషను మీంచి లేచేది. నీళ్లు తాగితే మధ్యలో లేవాల్సొస్తుందని నీళ్లే మానేసింది. వారం కిందట మూత్రంలో మంట అంది. మూడు రోజుల నుంచి వణికిస్తూ జ్వరం.

"పొద్దున కత్తెర చేతిలో పట్టుకుని కత్తెర ఏదే అని నన్ను తిట్టింది మేడమ్. అప్పుడు భయమేసి మావయ్యకు ఫోన్ చేశా."

మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. మంచం పైన మానిటర్ వెలిగింది. పైన డెబ్బై ఆరు, కింద నలభై, వాటి పక్కన బ్రాకెట్లో సగటు యాభై రెండు. అందరూ పెద్ద అంకెలు చూస్తారు. నిదానం చూసేది బ్రాకెట్లో ఉన్న చిన్న అంకెను. అది అరవై అయిదు కన్నా తగ్గితే మూత్రపిండాలకు, మెదడుకు రక్తం సరిగ్గా అందదు. అక్కడికి చేర్చాలి, త్వరగా చేర్చాలి. ఆ రోజు పనంతా ఆ ఒక్క అంకెతోనే.

పని మొదలైంది. పరీక్షకు రక్తం తీశారు, వెంటనే యాంటీబయాటిక్ ఎక్కించారు, మూత్రానికి గొట్టం వేశారు. రెండు చేతులకూ సెలైన్ పరుగులు పెట్టించారు. ఒక బాటిల్, రెండో బాటిల్, మూడోది. గంట గడిచేసరికి ఒకటిన్నర లీటర్లు లోపలికి వెళ్లాయి. బ్రాకెట్లో అంకె యాభై ఆరు దగ్గర మొండికేసింది. నిదానం స్టెతస్కోప్ వీపుకు ఆనించి వింది. ఊపిరితిత్తుల అడుగున అప్పుడే సన్నగా తడి చప్పుడు. ఇంకా నీళ్లు పోస్తూ కూర్చుంటే కుదరదు. ఇక మందే.

ఆ వార్డులో ఒక అలవాటు ఉంది. అది ఎవరూ రాసిపెట్టింది కాదు. "బీపీ పడింది" అన్న మాట వినగానే నర్సు చెయ్యి దానంతటదే రెండో అరలోకి వెళుతుంది. అక్కడ డోపమిన్ ఉంటుంది. పెద్ద డాక్టరు ఈ ఆస్పత్రికి వచ్చిన రోజు నుంచీ మొదటి మందు అదే. పెద్దక్క నర్సుగా చేరిన రోజు నుంచీ అదే. కొత్త నర్సులకు చెప్పేటప్పుడు ఆవిడ మందు పేరు కూడా చెప్పదు, "రెండో అర" అంటుంది.

నిదానం చెవుల్లోంచి స్టెతస్కోప్ తీసేసరికి డోపమిన్ బాటిల్ స్టాండుకు వేలాడుతోంది, చీటీ కూడా అంటించేసి ఉంది.

"పెద్దక్కా, అది వద్దు."

"ఏం, గడువు దాటిందా?"

"కాదు. నోరాడ్ పెడదాం. నోరాడ్రినలిన్."

పెద్దక్క చెయ్యి బాటిల్ మీదే ఆగిపోయింది. "చూశావటే" అంది పక్క మంచం దగ్గరున్న నర్సుతో, "నోరాడని డాక్టరమ్మ నోరాడ్ అంటోంది!" ఆ నర్సు కిసుక్కుమంది. కానీ పెద్దక్క నవ్వలేదు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"అమ్మా, నువ్వు చదువుకున్నదానివి, కాదనను. కానీ నేను కళ్లారా చూశా. తాపీమేస్త్రీ ఒకాయన, ఆ మూల మంచం మీదే. ఈ మందు మీద నాలుగు రోజులున్నాడు. ప్రాణం దక్కింది. వేళ్ల కొసలు బొగ్గుల్లా నల్లబడ్డాయి. తర్వాత మూడు వేళ్లు తీసేశారు." టైలరమ్మ చేతి వైపు చూపించింది. "ఈమె పొట్ట నిండేది ఆ వేళ్లతో. ప్రాణం ఇచ్చి వేళ్లు తీసుకుంటే ఏం చేసుకుంటుంది?"

నిదానం టైలరమ్మ కుడిచెయ్యి తన అరచేతిలోకి తీసుకుంది. చూపుడువేలు పక్కన సూది పొడిచిన గరుకు. నడివేలికి అంగుస్తాను, సూదిని నెట్టేందుకు తొడుక్కునే ఇత్తడి టోపీ, జ్వరంలోనూ తియ్యలేదు. నిదానం దాన్ని మెల్లగా తిప్పి తీసి, పక్క బల్ల మీద పెట్టింది.

"ఆ మేస్త్రీకి ముందే ఇది పెట్టారా పెద్దక్కా?"

"ముందే ఎందుకు పెడతాం? ముందు డోపానే. గుండె దడదడలాడిపోయింది. తగ్గించడం, మళ్లీ పెంచడం, అలా అలా చూసి అప్పుడు ఇది."

"అంటే బీపీ పడిపోయిన ఎన్ని గంటలకు?"

పెద్దక్క గుర్తు చేసుకుంది. "మర్నాడు" అంది చివరికి.

"రాత్రంతా ఆ వేళ్లకు రక్తం అందలేదు. నల్లబడటం మందు ఒక్కదాని పనే కాదు పెద్దక్కా, ఆలస్యం పని కూడా. ఎక్కువ మోతాదైనా ప్రమాదమే, మందు నరం బయటికి కారినా ప్రమాదమే. అందుకని తొందరగా పెడదాం, తక్కువతో మొదలుపెడదాం, పక్కనే కూర్చుందాం." మానిటర్ వైపు చూపించింది. గుండె నూట ముప్ఫై ఎనిమిది, అది కూడా తాళం తప్పి, ఒక దెబ్బ దగ్గరగా, ఒకటి దూరంగా. "ఈ గుండెకు డోపా పెడితే ఇంకా పరిగెడుతుంది. మేస్త్రీకి జరిగిందే మళ్లీ జరుగుతుంది."

ఇన్ని మాటలు ఆమె ఒక్కసారిగా మాట్లాడటం పెద్దక్క ఎప్పుడూ వినలేదు. ఆవిడ బాటిల్ వైపు చూసింది, టైలరమ్మ వేళ్ల వైపు చూసింది. "ఇంటివాళ్లకు చెప్పిరా. నేను 'రేపు రండి' దగ్గరికి వెళ్లొస్తా. ఇవాళ ఆ మాట అన్నాడో, పేషెంటును మంచంతో సహా అతని బల్ల ముందుకే తోసుకెళతా."

తలుపు బయట బెంచీ మీద మావయ్యా మేనకోడలూ కూర్చున్నారు. నిదానం వాళ్ల ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని, ఒంట్లో విషం ఎక్కిందని, మందులు పడ్డాయని, బీపీ బాగాలేదని చెప్పింది. "ఇప్పుడు బీపీ పెంచే మందు పెడుతున్నాం."

లారీ మనిషి స్ప్రింగులా లేచాడు. "ఏం పెంచే మందు?"

"బీపీ."

"మా అక్కకు బీపీ ఉందమ్మా! పదేళ్లుగా మాత్రలు మింగుతోంది! బీపీ ఉన్న మనిషికి బీపీ పెంచే మందు పెడతారా? ఉన్న ప్రాణం కూడా తీస్తారా? అందుకే పెద్ద డాక్టరును పిలవమన్నా!" వరండాలో పోతున్నవాళ్లు ఆగి చూశారు. "వద్దు. నేను ఒప్పుకోను. ముందు ఆయన్ని రానివ్వండి."

ఆయన రావడానికి ఎంత లేదన్నా గంట. గంటసేపు యాభై ఆరు. అది అతనికి తెలియదు, నిదానానికి తెలుసు. అయినా ఆమె అతని మాటకు మాట అడ్డం వెయ్యలేదు. అతను అన్నదాంట్లో ఒక మాట ఆమెను పట్టుకుంది. బీపీ ఉంది. అందరూ అలాగే అంటారు. ఎక్కువైతేనే బీపీ ఉన్నట్టు. కళ్లు తిరిగినా, కాళ్లు తడబడినా, కోపం వచ్చినా బీపీ వచ్చిందనే అంటారు. తగ్గితే అనడానికి ఇళ్లల్లో మాటే లేదు.

అతను మాత్రలు అన్నప్పుడు మేనకోడలు చెయ్యి ఒళ్లోని సంచీని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. అది కూడా నిదానం చూసింది.

"కూర్చోండి బాబాయ్. ఒక్క నిమిషం." కూతురి వైపు తిరిగింది. "పొద్దున అమ్మ కళ్లు తిరుగుతున్నాయందా?"

"ఆ... అంది మేడమ్. గోడ పట్టుకుని నడిచింది."

"కళ్లు తిరిగితే మీ ఇంట్లో ఏమంటారు?"

"బీపీ వచ్చింది అంటాం."

"బీపీ వస్తే ఏం చేస్తారు?"

ఆ పిల్ల మెడలోని టేపు కొసను వేలికి చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది. తర్వాత సంచీలో చెయ్యి పెట్టి మాత్రల అట్ట తీసి నిదానం చేతిలో పెట్టింది.

"రోజూ రాత్రి ఒకటి వేసుకుంటుంది. నిన్న రాత్రీ వేసుకుంది. పొద్దున కళ్లు తిరుగుతున్నాయంటే బీపీ ఎక్కిందని ఇంకోటి వేశా. తగ్గకపోయేసరికి మరోటి..." సంచీని గుండెకు అదుముకుంది. "నేనే చేశానా మేడమ్? అమ్మకు ఇలా నేనే చేశానా?"

లారీ మనిషి మేనకోడలి వైపు చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి అక్కడే ఆగింది. దాంతోనే తన నెత్తి మీద కొట్టుకున్నాడు. "దాన్నేం అడుగుతారు. ఫోన్ చేస్తే, ముందు బీపీ మాత్ర వెయ్యవే, నేనొస్తున్నా అన్నది నేను. రెండోది నా మాట మీద వేసిందే."

నిదానం అట్ట వెనక చిన్న అక్షరాలు చదివింది. రక్తనాళాలను వదులు చేసే మాత్ర. "వినండి. జబ్బు మాత్ర వల్ల రాలేదు. మూత్రంలోంచి వచ్చింది. మాత్ర దానికి తోడైంది, అంతే. మీరు చెప్పడం చాలా మంచిదైంది. చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. ఇప్పుడు నేను పెట్టబోయే మందు సరైందని ఇంకా గట్టిగా తెలిసింది."

"ఎలా?" అన్నాడతను. గొంతులో ఈసారి అరుపు లేదు.

"ఒంట్లో గొట్టాలన్నీ వదులైపోయాయి. జ్వరం విషం వల్ల కొంత, మాత్రల వల్ల కొంత. ఎన్ని నీళ్లు పోసినా ఒత్తిడి నిలవడం లేదు. ఇప్పుడు..." నిదానం ఆగింది. పేషెంట్ల గోళ్లు చదవడం వచ్చినంత బాగా ఆమెకు ఉపమానాలు రావు.

"బొందు వదులైనట్టా మేడమ్?" అంది కూతురు ముక్కు తుడుచుకుంటూ. "పైజామాకు బొందు వదులైతే జేబులో ఏం వేసినా జారిపోతూనే ఉంటుంది, అట్లాగా?"

నిదానం ముఖం విప్పారింది. "అచ్చంగా అదే. ఈ మందు బొందు లాగి కడుతుంది. ఇంకో మందు ఉంది, అది గుండెను కొట్టి పరిగెత్తిస్తుంది. అమ్మ గుండె ఇప్పటికే పరిగెడుతోంది."

"మరీ బిగిస్తే?" ఆ పిల్ల కుట్టేవాళ్ల పిల్ల, అడగవలసిన ప్రశ్నే అడిగింది. "మరీ బిగిస్తే నడుం దగ్గర కోసుకుపోతుంది."

నిదానం అబద్ధం చెప్పలేదు. "మరీ బిగిస్తే వేళ్లకు రక్తం తగ్గుతుంది. అందుకే మెల్లగా లాగుతాం. పావుగంటకోసారి వేళ్లు చూస్తాం. నువ్వూ చూడు. మీ అమ్మ వేళ్లు నాకన్నా నీకే బాగా తెలుసు."

లారీ మనిషి అక్క ఉన్న తలుపు వైపు చూశాడు. ఎప్పుడూ ఏదో ఒక చక్రం పట్టుకుని ఉండే అతని చేతులకు ఇప్పుడు పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. "కట్టమ్మా బొందు" అన్నాడు. "ఆలస్యం చెయ్యకు."

నిదానం ఆపరేషన్ గదికి ఫోన్ చేసింది. ఎవరో నర్సు పెద్ద డాక్టరు చెవి దగ్గర పట్టుకున్నట్టుంది, వెనకాల పనిముట్లు పళ్లెంలో పడే చప్పుడు.

"డోపా మొదలుపెట్టు. గంటలో వస్తా" అన్నాడాయన అంతా విని.

"గుండె నూట ముప్ఫై ఎనిమిది సార్, లయ తప్పింది. బీపీ మాత్రలు కూడా ఎక్కువ పడ్డాయి. నోరాడ్ పెడుతున్నాను."

"పెడుతున్నావా? పెట్టమంటారా అని అడుగుతున్నావా?"

నిదానం ఒక్క క్షణం ఆగింది. భయపడి కాదు, ఏది నిజమో చూసుకుని చెప్పడానికి. "పెడుతున్నాను సార్. మీకు చెబుతున్నాను."

పళ్లెంలో ఇంకో పనిముట్టు పడింది.

"మందు ఎక్కించడానికి మెడ నరంలోకి లైను ఎవరు వేస్తారు?"

"మత్తు డాక్టరుగారిని పిలిచాను. ఆయన వచ్చేదాకా మోచేతి మడతలో పెద్ద నరం దొరికింది. నేను పక్కనుంచి కదలను."

"నిదానం, నీకు ఇంత తొందర ఎప్పుడు వచ్చిందే?"

"తొందర కాదు సార్. చూశాకే."

ఆయన గొంతులోంచి నవ్వో దగ్గో ఒకటి వినిపించింది. "సరే. వేళ్లు చూస్తూ ఉండు" అన్నాడు.

పెద్దక్క మందుతో తిరిగొచ్చింది. "రేపు రండి అనలేదు. నా ముఖం చూసి, అడక్కుండానే ఇచ్చాడు" అంది. మందు కలిపి, సిరంజి పంపులో బిగించి, చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించింది. పదకొండు ఇరవైకి పంపు సన్నగా గుయ్‌మంటూ మొదలైంది.

నిదానం స్టూలు వేసుకుని టైలరమ్మ మోచేతి పక్కనే కూర్చుంది. సూది చుట్టూ చర్మం పాలిపోతుందేమోనని ఒక కన్ను అక్కడ, ఇంకో కన్ను బ్రాకెట్ మీద. కూతురు మంచం అటువైపు నిలబడి అమ్మ ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటీ పట్టి చూస్తోంది.

యాభై ఆరు. యాభై ఎనిమిది. అరవై. అరవై ఒకటి.

అరవై ఒకటి. మళ్లీ అరవై ఒకటి.

"నిలిచిపోయింది" అంది పెద్దక్క.

"కొంచెం పెంచుదాం." పంపు మీద మీట నొక్కి నిదానం ఒక మెట్టు పెంచింది. అయిదు నిమిషాలు చూసింది. ఇంకో మెట్టు. అరవై మూడు. ఇలా ముక్కుతూ మూలుగుతూ పన్నెండు దాటేసరికి అంకె అరవై ఆరైంది. టైలరమ్మ చిన్నగా "నీళ్లు" అంది. ఇన్ని రోజులుగా వద్దన్న నీళ్లు అడిగింది. కూతురు ఏడుస్తూ నవ్వింది.

సరిగ్గా అప్పుడే పెద్దక్క అటువైపు నుంచి, "డాక్టరమ్మా" అని పిలిచింది. ఆ పిలుపులో ఏదో ఉంది. ఆవిడ ఎప్పుడూ ఆమెను డాక్టరమ్మా అని పిలవదు.

టైలరమ్మ కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, రెండింటి కొసలూ నీలంగా ఉన్నాయి. గోటి పక్కన ఇంకా ముదురు. పెద్దక్క కళ్లకు ఆ మూల మంచం, ఆ మేస్త్రీ కనిపిస్తున్నాడని వేరే చెప్పాలా? లారీ మనిషి తలుపు దగ్గర్నుంచి, "ఏమైంది? ఏమైంది?" అంటున్నాడు. పంపు ఆపడానికి పెద్దక్క చెయ్యి సగందాకా వెళ్లింది.

"ఆగు పెద్దక్కా."

నిదానం ఆ వేలిని పట్టుకుంది. వెచ్చగా ఉంది. గోరు మీద నొక్కింది, తెల్లబడింది. వదిలింది. ఒకటి, రెండు అనుకునేలోపు గోటి కింద గులాబీ రంగు తిరిగొచ్చింది. చచ్చిపోతున్న వేలు అంత చురుగ్గా ఉండదు. ఆమె వేలిని కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసింది. నీలం గీతల్లో ఉంది, చర్మం గరుకులో ఇంకి ఉంది. స్పిరిట్‌లో తడిపిన దూది తీసుకుని గట్టిగా రుద్దింది.

దూది నీలమైంది. వేలు మామూలైంది.

కూతురు ముందుగా తేరుకుంది. తన రెండు చేతులూ చాచి చూపించింది. బొటనవేళ్ల కొసలు, చూపుడువేళ్ల కొసలు, అన్నీ నీలమే. "యూనిఫారం గుడ్డ మేడమ్. ముదురు నీలం. తడి చెయ్యి తగిలితే చాలు రంగు దిగుతుంది. ఈ సంచీ కూడా ఆ గుడ్డదే, ఇందాక అమ్మ దీని కొసను రెండు వేళ్లతో నలుపుతూ పడుకుంది. ఇంట్లో మా పళ్లేల మీద కూడా ఇదే రంగు."

"ఆ గుడ్డ అమ్మినవాణ్ని లారీ కింద..." అని మొదలుపెట్టి, లారీ మనిషి గోడకు ఆనుకుని జారి, అలాగే కింద కూర్చుండిపోయాడు.

పెద్దక్క ఆ నీలం దూదిని పారెయ్యలేదు. కాసేపు చేతిలో పెట్టుకుని చూసి, చిన్న పళ్లెంలో వేసింది. "ఇందాక ఆపేసి ఉంటే?" అని అడిగింది మెల్లగా.

"ఆపలేదుగా" అంది నిదానం. "మీరు చూశారు కాబట్టే నేనూ చూశాను. పావుగంటకోసారి ఇలాగే చూడండి." తర్వాత దూదితో మిగతా ఎనిమిది వేళ్లు కూడా శుభ్రంగా తుడిచింది, ఇక ఏ నీలం కనిపించినా అది నీలమే అయ్యేలా.

ఒంటిగంటకు మత్తు డాక్టరు వచ్చి మెడ దగ్గర లైను వేశాడు. మందును మోచేతి నుంచి అక్కడికి మార్చారు. రెండింటికల్లా గుండె నూట పదికి దిగింది. మూడు గంటలకు మంచం కింద వేలాడుతున్న సంచీలో మూత్రం కనిపించింది, మొదట టీ రంగులో అడుగంటినంత, తర్వాత రెండు వేళ్ల మందం. నిదానం వంగి దాన్ని చూసినంత ఇష్టంగా ఎవరూ దేన్నీ చూసి ఉండరని పెద్దక్క తర్వాత అందరికీ చెప్పింది.

పెద్ద డాక్టరు రావడం గంటలో కాదు, సాయంత్రం నాలుగున్నరకు. ఆపరేషన్ అనుకున్నదానికన్నా సాగింది. మానిటర్ చూశాడు, పంపు చూశాడు, టైలరమ్మ పది వేళ్లూ తనే నొక్కి చూశాడు. స్టాండుకు ఇంకా వేలాడుతున్న డోపమిన్ బాటిల్ మీద ఆయన చూపు పడింది. చీటీ ఉంది, గొట్టం లేదు.

"ఇదేమిటి?"

"అలవాటు సార్" అంది పెద్దక్క, దాన్ని దించి కిందపెడుతూ.

ఆయన బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. కేసు షీటు మీద నిదానం రాసిన వరుసలన్నీ చదివి, కింద సంతకం చేశాడు. వెళుతూ వెళుతూ గుమ్మం దగ్గర ఆగి, "పెద్దక్కా, నోరాడ్ మందుల గదిలో ఎందుకు? ఆ రెండో అరలో పెట్టించండి" అన్నాడు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి నిదానం డ్యూటీకి వచ్చేసరికి పంపు మోతాదు సగానికి దిగింది. బ్రాకెట్లో డెబ్బై రెండు. టైలరమ్మ తలగడకు ఆనుకుని కూర్చుని ఉంది. జుట్టు చెదిరిపోయి, కళ్లు లోపలికి పోయి, పెదాలు ఎండిపోయి ఉన్నా, చూపు మాత్రం సూదిలోకి దారం ఎక్కించేంత సూటిగా ఉంది. ఆ చూపుతో ఆమె నిదానం తెల్లకోటును పరీక్షగా చూసింది.

"నీ కోటు ఎవరు కుట్టారమ్మా?"

"కొన్నదే అమ్మా."

"అదే అనుకున్నా. ఎడం భుజం అర అంగుళం దిగింది. విప్పి ఇవ్వు, కూర్చునే పనే." నడివేలు తడుముకుంది. "నా అంగుస్తాను ఏది?"

నిదానం బల్ల మీంచి తీసి ఇచ్చింది. టైలరమ్మ తొడుక్కుని, వేలు వంచి చాపి చూసుకుంది. ఆ వేలు ఎంతసేపు ఎంతమంది కళ్లలో ఉందో ఆమెకు తెలియదు. కూతురు గ్లాసుతో నీళ్లు పట్టుకొచ్చి, "మొత్తం తాగు. ఇక నుంచి గంటకొకటి. మధ్యలో లేవాల్సొస్తే లే. నేను కుడతా" అంది. అది అడగడం కాదు, ఆజ్ఞ. టైలరమ్మ గ్లాసు ఖాళీ చేసింది.

"మేడమ్, మరి బీపీ మాత్ర?" అంది కూతురు.

"నేను చెప్పేదాకా వద్దు. మళ్లీ మొదలుపెట్టినా రోజుకు ఒకటే. కళ్లు తిరిగితే మాత్ర కాదు, ముందు బీపీ చూపించాలి. చూపించాక ఎక్కువా తక్కువా అని అడగాలి. ఉత్త బీపీ అని ఎవరన్నా చెబితే వినొద్దు." నిదానం ఖాళీ గ్లాసు అందుకుని బల్ల మీద పెట్టి, "నిన్న నేనూ అలాగే చెప్పాను మీ మావయ్యకు. బీపీ అడుగంటింది, బాగా తగ్గిపోయింది అని చెప్పాల్సింది" అంది.

ఇంతలో వరండాలో దబదబమని అడుగుల చప్పుడు. లారీ మనిషి లోపలికి తొంగి చూశాడు. తెల్లారి సరుకు దింపి సరాసరి వచ్చినట్టున్నాడు, చొక్కా నిండా దుమ్ము. పెద్దక్క తలుపుకు అడ్డంగా నిలబడి, "ఆ దుమ్ముతో లోపలికి కాదు" అంది. అతను ఆవిడ భుజం మీదుగా మెడ చాచాడు. అక్క కనబడుతోంది గానీ మానిటర్ అటు తిరిగి ఉంది, అంకెలు కనబడటం లేదు.

"సిస్టరమ్మా, ఒక్క మాట చెప్పు చాలు. మా అక్కకు బీపీ ఉందా?"

పెద్దక్క వెనక్కి తిరిగి బ్రాకెట్లోకి చూసింది. నిన్నటిదాకా ఆవిడ ఎప్పుడూ చూసింది పెద్ద అంకెలే.

"ఉందయ్యా" అంది. "మందు సగం తగ్గించినా ఉంది."

పదేళ్లుగా ఆ మాట విన్నప్పుడల్లా దిగులు పడిన మనిషి, ఇవాళ దుమ్ము చేతులతోనే రెండు కళ్లూ తుడుచుకున్నాడు. "ఉందంటే!" అని వరండాలో ముక్కూ ముఖం తెలియని వాళ్లకు చెప్పాడు. "మా అక్కకు బీపీ ఉందంట!"